తండ్రి గొంతు

శుక్రవారం పొద్దున తొమ్మిదింటి నుంచి నెహెమ్యా కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాడు. ఫిలింనగర్‌లోని ఆ డబ్బింగ్ థియేటర్ పెద్దదేమీ కాదు. మైకు దగ్గర్నుంచి తలుపు దాకా ఏడడుగులు, తలుపు దగ్గర్నుంచి మైకు దాకా మళ్ళీ ఏడడుగులు. గాజు పలక అవతల కూర్చున్న సౌండ్ ఇంజనీరు విహారి కాసేపు చూసి చూసి, ఇక లాభం లేదని స్పీకర్‌లోంచి పిలిచాడు.

"సార్, జర కూసోండ్రి. మీరు తిరుగుతుంటే నాకు తల తిరుగుతున్నది."

"కూర్చుంటే ఊపిరాడట్లేదయ్యా."

"గంత పెద్ద తప్పేం జరగలే సార్. ఒక్క లైను. మూర్తి సారు వచ్చి చెప్పిపోతడు, మార్చేస్తం. ఫికర్ చెయ్యకుండ్రి."

ఒక్క లైనే. విహారికి అది ఒక్క లైను. నెహెమ్యాకి మాత్రం అదే లైను కన్నతల్లిని చలినీళ్ళ తొట్టిలోకి లాక్కుపోతోంది.

నెహెమ్యాకి నలభై ఎనిమిదేళ్ళు. ఇరవై రెండేళ్ళుగా డబ్బింగ్ చెప్పుకుని బతుకుతున్నాడు. ముఖం ఎవరికీ తెలియదు, గొంతు మాత్రం ప్రతి ఇంట్లోనూ వినపడుతూనే ఉంటుంది. ఎక్కడో పరాయి దేశంలో తీసిన యేసుప్రభువు సీరియల్ ఒకదాన్ని ఇప్పుడు తెలుగులోకి మారుస్తున్నారు. అందులో ప్రభువు గొంతు అతనిదే. తను పుట్టి పెరిగిన విశ్వాసానికి గొంతు అరువివ్వడం కంటే ఏం కావాలని మూడు నెలలుగా మహా సంబరంగా పని చేస్తున్నాడు. నాలుగో భాగంలో యొర్దాను నది వచ్చింది. ప్రభువు బాప్తిస్మం తీసుకుని నీళ్ళలోంచి పైకి లేస్తాడు, పావురం దిగుతుంది, ఇతడు నా ప్రియ కుమారుడని ఆకాశంలోంచి తండ్రి పలుకుతాడు.

డబ్బింగ్ థియేటర్లలో ఒక అలవాటుంది. చిన్నాచితకా వేషాలకి ప్రత్యేకంగా మనిషిని పిలవరు, గదిలో ఎవరుంటే వాళ్ళు కానిచ్చేస్తారు. అప్పటికి మూడు భాగాల్లో నెహెమ్యా ప్రభువు ఒక్కడే కాదు. ఒక సుంకరి, ఇద్దరు రోమా సైనికులు, ఒక గాడిదలవాడు, పెళ్ళిలో తాగి తూలే చుట్టం కూడా అతనే. తండ్రి గొంతు చెప్పాల్సిన పెద్దాయన సత్యనారాయణమూర్తిగారు బుధవారం జ్వరంతో రాలేదు. "ఇప్పటికైతే గైడు లెక్క మీరే చెప్పుండ్రి సార్, పిచ్ జర కిందికి గుంజుత" అన్నాడు విహారి. గైడు అంటే అసలు మనిషి వచ్చేదాకా పెట్టుకునే ఉత్తుత్తి గొంతు. నెహెమ్యా చెప్పేసి టీ తాగడానికి బయటికి పోయాడు. ఆ గొంతు తీసేయడం ఇద్దరూ మర్చిపోయారు. రీలు జూబ్లీహిల్స్‌లోని ఛానెల్ ఆఫీసుకి వెళ్ళింది. ఆ ఛానెల్ యజమాని సూర్యప్రకాశరావుగారికి నది దృశ్యం తెగ నచ్చి, గురువారం సాయంత్రం దాన్నే ముక్కగా కత్తిరించి ఇంటర్నెట్‌లో జనం మీదికి వదిలాడు.

తండ్రీ కొడుకూ ఒకే గొంతుతో మాట్లాడుతున్నారు! మామూలు జనానికి అది పట్టలేదు. పట్టినవాళ్ళకి మాత్రం గట్టిగా పట్టింది. తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ముగ్గురూ వేరు, దేవుడు మాత్రం ఒక్కడే అన్నది త్రిత్వం, ఇక్కడేమో ఇద్దరు ఒకరైపోయారు. రాత్రి నెహెమ్యా సంఘం పాస్టరుగారు ఫోన్ చేసి, "త్రిత్వం నమ్మేవాడివి, నీ నోటితో నువ్వే కొట్టేశావేంటయ్యా?" అని నిలదీశాడు. నెహెమ్యా సంజాయిషీ చెప్పుకున్నాడు. అది పోనీ. పొద్దున ఏడింటికి తమ్ముడు తీతు ఫోన్ చేశాడు. ఏడాది తర్వాత.

"అన్నయ్యా, వందనాలు" అన్నాడు తీతు. గొంతు బొంగురుపోయి ఉంది. "విన్నాను. విని ఏడ్చేశాను. తండ్రీ కుమారుడూ ఒక్కరేనని నువ్వూ ఒప్పుకున్నావని అమ్మకి కూడా వినిపించాను. అమ్మ సరేనంది. ఆదివారం పదింటికి షేక్‌పేటలో మా సంఘం తొట్టిలో యేసు నామ బాప్తిస్మం. నువ్వు పక్కనుండాలి. మా సారు కారెక్కుతున్నారు, పెట్టేస్తున్నా."

జవాబు చెప్పే లోపే పెట్టేశాడు. తీతు జూబ్లీహిల్స్‌లో ఒక నిర్మాతగారి దగ్గర డ్రైవరు, తర్వాత ఎన్నిసార్లు చేసినా ఎత్తలేదు.

అన్నదమ్ముల తగువు పొలం గట్టు మీదో ఇంటి వాటా మీదో అయితే పదిమందిని కూర్చోబెట్టి తేల్చుకోవచ్చు. వీళ్ళది దేవుడి మీద వచ్చిన తగువు. వీళ్ళ నాన్న దేవదానం బాపట్ల వైపు నుంచి వచ్చిన వడ్రంగి. సినిమా సెట్లకి ప్లైవుడ్ కోటలు కట్టేవాడు. ఆదివారాలు రహమత్ నగర్‌లోని తన ఒంటి గదిలో పదకొండు కుటుంబాలని కూర్చోబెట్టి వాక్యం చెప్పేవాడు. ఒకసారి ఏదో భక్తి సినిమా కోసం వేసిన సెట్లో కొలను నింపితే, షూటింగ్ అయ్యాక మేనేజర్ని బతిమాలుకుని, అందులోనే పెళ్ళాం భూలక్ష్మికీ కొడుకులిద్దరికీ తండ్రి, కుమార, పరిశుద్ధాత్మ నామంలో బాప్తిస్మం ఇచ్చాడు. పదకొండేళ్ళ కిందట పోయాడు. ఏడాదిన్నర కిందట తీతు షేక్‌పేటలో వేరే సంఘంలో చేరాడు. దేవుడు ముగ్గురు కాదు, ఒక్కడే, ఆయన పేరు యేసు, మూడు పేర్లు చదివి ముంచిన బాప్తిస్మం చెల్లదు, మళ్ళీ మునగాల్సిందే అన్నది వాళ్ళ బోధ. తీతు మళ్ళీ మునిగాడు. అమ్మనీ మునగమన్నాడు. నెహెమ్యా అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. కిందటి క్రిస్మస్ నాడు విస్తళ్ళ ముందు మాటా మాటా పెరిగి, తినకుండానే ఎవరి దారిన వాళ్ళు లేచిపోయారు.

ఆ రోజు నుంచి భూలక్ష్మి ప్రభువు బల్ల, అంటే గుళ్ళో పంచే రొట్టె, ద్రాక్షరసం, ముట్టలేదు. పెద్దోడి గుడికీ వెళ్ళదు, చిన్నోడి గుడికీ వెళ్ళదు. ఇద్దరూ ఒక బల్ల దగ్గరికొస్తే అప్పుడు తీసుకుంటానని మొండికేసింది. డెబ్బై ఆరేళ్ళ మనిషి. ఉబ్బసం. జలుబు చేసిందంటే ఆస్పత్రిలో వారం పడుకోవాల్సిందేనని డాక్టరు హెచ్చరించాడు. ఇది చూస్తే డిసెంబరు. తొట్టి చూస్తే డాబా మీద, ఆరుబయట. ఆవిడ సరేనందంటే కారణం ఒకటే, పెద్దోడు కూడా ఒప్పుకున్నాడని నమ్మడం. ఆ నమ్మకం వెనక ఉన్నది ఒక మర్చిపోయిన గైడు ట్రాకు.

పదకొండింటికి సత్యనారాయణమూర్తిగారు మఫ్లరు చుట్టుకుని వచ్చారు. పౌరాణికాల్లో ఆయన గొంతు పలకని దేవుడు లేడు. కళ్ళజోడు సర్దుకుని కాగితం చదివి, మైకు ముందు నిలబడి, ఉన్నట్టుండి ఆగారు.

"బాబూ నెహెమ్యా, ఒక సందేహం. ఈ పలికేవాడూ ఆ నీళ్ళలో నిలబడ్డవాడూ ఒకరేనా, వేరువేరా?"

నెహెమ్యా గతుక్కుమన్నాడు. "ఎందుకండీ?"

"ఒకరే అయితే ఎవరితో చెబుతున్నట్టు? లోకంతోనా? వేరు అయితే ఆ పిల్లాణ్ణి చూసి మురుస్తూ చెప్పాలి. గొంతులో తేడా వస్తుంది కదటయ్యా."

"వేరేనండీ. అంటే... వేరే కానీ దేవుడు ఒక్కడే. ముగ్గురు దేవుళ్ళు కారు."

"అలాగా. మరి ఎలా చెప్పమంటావు?"

నెహెమ్యా దగ్గర దీనికి జవాబుండాలి. ఆదివారం బడిలో పిల్లలకి పదేళ్ళు చెప్పాడు. సూర్యుడూ వెలుగూ వేడీ అనేవాడు, పిల్లలు తలూపేవారు. ఈ పెద్దాయన ముందు అది చెప్పడానికి సిగ్గేసింది. "మీకెలా తోస్తే అలా చెప్పండి గురువుగారూ" అన్నాడు.

"సరే, బిడ్డ తడిసి నిలబడ్డాడు. నేను తండ్రిని. అంతవరకు నాకు చాలు" అని ఆయన ఒకే టేకులో చెప్పేశారు. విహారి బొటనవేలు చూపించాడు. పెద్దాయన చెప్పింది అద్భుతంగా ఉంది. నెహెమ్యా మెచ్చుకున్నాడు గానీ, లోపల ఒకటే గుబులు. తను ఇన్నేళ్ళుగా నమ్ముతున్నదాన్ని ఒక మనిషికి నాలుగు మాటల్లో చెప్పలేకపోయాడు. దాని కోసం సొంత తమ్ముడితో ఏడాది మాట మానేశాడు.

కొత్త ట్రాకు పట్టుకుని తనే జూబ్లీహిల్స్ వెళ్ళాడు. సూర్యప్రకాశరావుగారు ఫోన్ చూసుకుని మురిసిపోతున్నాడు.

"రావయ్యా రా! మన ఛానెల్‌కి ఇన్ని కామెంట్లు ఎప్పుడన్నా వచ్చాయా? ఒకడు త్రిత్వం అంటాడు, ఇంకొకడు కాదంటాడు, అధ్యాయాలు, వచనాలు వేసి మరీ తిట్టుకుంటున్నారు. రెండు రోజులు ఉండనీ."

"వద్దు సార్. ఇప్పుడే మార్చెయ్యండి."

"నీకేం నష్టమయ్యా?"

"మా అమ్మ సార్" అన్నాడు నెహెమ్యా. ఆయనకి ఏం అర్థమైందో ఏమో, ముఖం చూసి జాలిపడి కుర్రాళ్ళని పిలిచి మార్పించాడు. వీడియో అయితే మారింది. అమ్మ చెవిన పడింది మారదుగా.

బండి తీశాడు. చెక్‌పోస్టు దగ్గర ట్రాఫిక్ మెడలోతున ఉంది. కృష్ణానగర్ దాటి యూసుఫ్‌గూడ దాటేసరికి నాలుగున్నర. దారి పొడుగునా తమ్ముడితో మనసులో వాదించుకుంటూనే ఉన్నాడు, ఎరుపు లైటు పడ్డా చూసుకోలేదు. ఎవడో తిట్టాడు.

రహమత్ నగర్ ఇల్లు నాన్న కట్టిందే. ఒక గది మీద ఇంకో గది, మధ్యలో మనిషి అడ్డంగా తిరగలేని మెట్లు. పైగదిలో అమ్మ కొత్త తెల్లచీర మడత విప్పి కొంగు చూసుకుంటోంది. కొడుకుని చూసి ఏడాదిగా నవ్వనట్టు నవ్వింది.

"వచ్చావా పెద్దోడా! చిన్నోడు చెప్పాడా? ఆదివారం నువ్వు ఈ పక్క, వాడు ఆ పక్క. తొట్టి మెట్లు పాకుడు పట్టి ఉంటాయట, ఇద్దరూ పట్టుకోవాలి నన్ను."

చెప్పాలి. నిజం చెప్పేసి ఆ నవ్వు తన చేతులతో తనే తుడిచెయ్యాలి. చెప్పకపోతే అబద్ధం మీద అమ్మ నీళ్ళలో దిగుతుంది, ఆ చలికి ఏమవుతుందో ఎవరికి తెలుసు. "మంచినీళ్ళివ్వమ్మా" అన్నాడు. నీళ్ళు తాగాడు. ఇంకో గ్లాసు అడిగాడు. ఇంతలో కింద తీతు బండి చప్పుడైంది. ముందు వాడికి చెబుదామని మెట్లు దిగాడు.

తీతు సగం మెట్ల దగ్గరే అన్నని కావలించుకున్నాడు. నెహెమ్యా చేతులు ఆడలేదు.

"తమ్ముడూ, అది నేను నమ్మి చెప్పింది కాదురా. గైడు. పెద్దాయన రాకపోతే ఊరికే చెప్పాను. తీసెయ్యడం మర్చిపోయారు."

తీతు చేతులు వదిలేశాడు. "నమ్మకుండానే చెప్పావా ఆ మాట?"

"గాడిదలవాడి మాట కూడా నేనే చెప్పాను. పని రా అది."

"నీకు పనే. నీ నోట ప్రభువే పలికించాడని నేననుకుంటున్నా."

"ప్రభువుని ఇందులోకి లాగకు. అమ్మ నా మాట మీద ఒప్పుకుంది. ఇప్పుడు అమ్మకి నిజం చెప్పు."

"నువ్వే చెప్పు. నువ్వు చేసిన తప్పుకి నేనెందుకు చెప్పాలి?"

ఇద్దరికీ చెప్పే ధైర్యం లేదు. ధైర్యం లేనప్పుడు మనిషి వాదనలోకి దిగుతాడు. వీళ్ళూ దిగారు.

"నది దగ్గర కొడుకు నీళ్ళలో ఉన్నాడు, ఆత్మ పావురంలా దిగింది, తండ్రి పైనుంచి మాట్లాడాడు. ముగ్గురూ ఒక్క క్షణంలో కనపడుతుంటే ఒకడే అంటావేంట్రా? తనతో తనే మాట్లాడుకున్నాడా?"

"దేవుడు ఒక చోటే ఉండాలని ఎవరన్నారు? పైనా ఆయనే, నీళ్ళలోనూ ఆయనే. తండ్రిని చూపించమని శిష్యుడు ఫిలిప్పు అడిగితే, నన్ను చూశాక ఇంకా అడుగుతావేమని అనలేదూ?"

"మరి పట్టుబడే ముందు రాత్రి తోటలో ఎవరికి మొరపెట్టుకున్నాడు? లోకాంతం వచ్చే గడియ తండ్రికే తెలుసు, నాకు తెలియదని ఎందుకన్నాడు?"

"శరీరంతో ఉన్నాడు కాబట్టి అన్నాడు. అపొస్తలులు ఎవరి పేరున ముంచారు? పెంతెకొస్తు నాడు, సమరయలో, కొర్నేలి ఇంట్లో, ఎక్కడ చూసినా యేసు పేరునే. మూడు పేర్లు చదివి ముంచిన ఒక్క మనిషిని లేఖనాల్లో చూపించు. త్రిత్వం అన్న మాటన్నా చూపించు."

"మాట లేదు, సంగతి ఉంది. ముగ్గురి నామంలో ఇమ్మని ప్రభువే చెప్పి వెళ్ళాడు. అది చెల్లదా?"

"ఆ ముగ్గురి నామమే యేసని మొత్తుకుంటున్నా!"

ఇవే మాటలు కిందటి క్రిస్మస్ నాడూ అన్నారు. అవతలివాడు తర్వాత ఏమంటాడో ఇద్దరికీ కంఠతా వచ్చు. పదహారు వందల ఏళ్ళ కిందటే మహామహులు సభలు పెట్టి తేల్చుకున్నామనుకున్నదాన్ని వీళ్ళు రహమత్ నగర్ మెట్ల మీద పది నిమిషాల్లో తేల్చేద్దామని గొంతులు పెంచారు. ఎదురింటి కొమురమ్మ కిటికీ తీసి, "ఏందయ్యా గీ లొల్లి? ముసలామె పండుకోవద్దా?" అని కేకేసి మూసేసింది.

"నేను పడుకోలేదులే కొమురమ్మా" అంది భూలక్ష్మి. ఎప్పుడొచ్చిందో, మెట్ల పైన గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఊపిరి ఈల వేస్తోంది.

"అమ్మా, ఆ గొంతు..." మొదలుపెట్టాడు నెహెమ్యా.

"తెలుసురా. నువ్వు ఊరికే చెప్పావని వినగానే తెలుసు. ఇరవై ఏళ్ళుగా నీ పని చూడట్లేదా? విలనూ నువ్వే, వాడి కింద పనివాడూ నువ్వే."

"తెలిసీ సరేనన్నావా?" తీతు నోరు తెరిచాడు.

"వినిపిస్తూ నువ్వు అన్నయ్య అన్నావురా. ఏడాదైంది ఆ మాట నీ నోట విని. ముంచితే ముంచనీ, ఇద్దరూ చెరో రెక్కా పట్టుకుంటారు కదా అనుకున్నా." ఆవిడ పై మెట్టు మీద మెల్లగా కూర్చుంది. ఉబ్బసం మందు పంపు తీసి నోట్లో రెండుసార్లు కొట్టుకుని, ఊపిరి నిలదొక్కుకున్నాక అడిగింది. "ఇప్పుడు మీరు అరుచుకుంటుంటే ఒకటి అడగాలనిపించింది. చిన్నోడా, మీ నాన్న ఎక్కడున్నాడు?"

తీతు ఒక మెట్టు కిందికి దిగాడు.

"నువ్వు చెప్పేదే నిజమైతే ఆయనది చెల్లని బాప్తిస్మం. చెల్లకుండానే పోయాడు. మరి ఎక్కడున్నాడు? చెప్పు. చెప్తే ఆదివారం దాకా ఎందుకు, ఇప్పుడే వస్తాను."

ఇంతకంటే గట్టి ప్రశ్న ఇన్నాళ్ళూ నెహెమ్యాకి తట్టలేదు. గెలిచాననిపించింది. ఆ గెలుపు గుటక పడేలోపే తమ్ముడు మెట్టు మీద కూలబడటం చూశాడు.

"తెలియదమ్మా" అన్నాడు తీతు. "ఏడాదిన్నరగా మోకాళ్ళ మీద పడి అదే అడుగుతున్నాను. ఆయన గురించి ఇంక నేనేం చెయ్యలేను. నిన్నయినా..." ఆ పైన ఏడుపే గానీ మాట లేదు.

తమ్ముడిది పొగరనుకున్నాడు ఇన్నాళ్ళూ. అది భయం. వాడు అమ్మని తొట్టిలోకి లాగుతున్నది తన మీద గెలవడానికని ఏడాదంతా కడుపుమంటతో రగిలాడు. వాడేమో నాన్న కోసం ఏడుస్తున్నాడు. నెహెమ్యాకి తన మీద తనకే అసహ్యం వేసింది.

"నువ్వు చెప్పు పెద్దోడా, ఎక్కడున్నాడు?"

"ప్రభువు దగ్గరున్నాడమ్మా."

"చూశావా?"

వచనాలు వరసగా నోటి దాకా వచ్చాయి. తడిసిన తమ్ముడి ముఖం చూస్తుంటే ఒక్కటీ బయటికి రాలేదు. "లేదమ్మా" అన్నాడు.

భూలక్ష్మి తలూపింది. కోపం లేదు ఆ ముఖంలో.

"నేను మళ్ళీ మునగనురా. ఆ రోజు నేను నీళ్ళకి భయపడితే, మీ నాన్న తన చేత్తో నా ముక్కు మూసి ముంచాడు, నీళ్ళు పోకూడదని. ఆ పేర్లతో ఆయన్ని లోపలికి రానిస్తే నేనూ పోతాను. కాదు, చెల్లదని గుమ్మం బయట నిలబెడితే, ఇద్దరం బయటే నిలబడతాం. ఆయన్నొక్కణ్ణే అక్కడ వదిలేసి నేను లోపలికెలా పోతాను?"

వీధిలో ఆటో ఒకటి వెనక్కి తీసుకోలేక హారన్ కొడుతోంది. నెహెమ్యా రెండు మెట్లు దిగి, ఇరుకులోనే తమ్ముడి పక్కన ఇరుక్కుని కూర్చున్నాడు. తీతు జరిగి చోటిచ్చాడు. కాసేపటికి ముఖం తుడుచుకుని ఫోన్ తీసి షేక్‌పేట పాస్టరుగారికి కలిపాడు.

"అయ్యగారూ, వందనాలు. ఆదివారం మా అమ్మ రావట్లేదండి."

ఎందుకని ఆయన అడిగినట్టున్నాడు. తీతు అన్న వైపు చూశాడు. ఏమైనా అందిస్తాడేమోనని చూసినట్టుంది.

"మా నాన్న ఒక్కడే అయిపోతాడటండి" అన్నాడు తీతు.